గుంతలో మన్నేది? హాలీ రూపాయల వెతుకులాట: ఒక కేస్ స్టడీ

వరంగల్ చుట్టుపక్కల భూమిలో పైపులు, కేబుళ్లు ఎక్కడున్నాయో వెతికి చెప్పడం నా అసలు పని. దానితో పాటు తొమ్మిదేళ్లుగా పోయిన వస్తువులు కూడా వెతికిపెడుతున్నాను. నాట్లు వేస్తూ పొలంలో జారిన పుస్తెలతాడు, చెరువుగట్టు మీద పడిపోయిన ఉంగరం, ఇలాంటివి. రోజుకు ఇంత అని కూలి తీసుకుంటాను, దొరికినదాంట్లో వాటా అడగను. గుళ్లు, కోటలు, పాటిగడ్డల (పాత ఊళ్లున్న దిబ్బల) మీద మెటల్ డిటెక్టర్ మిషన్ ఆన్ చేయను. రాత్రిపూట రాను. ఈ మూడూ ఫోన్‌లోనే చెప్పేస్తాను. వచ్చే ఫోన్లలో సగం అక్కడే ఆగిపోతాయి.

ఈ కేసు 2024 వేసవిది. ఊరు పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు, ఇంటివాళ్లను గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. హనుమకొండ నుంచి బండి మీద గంటన్నర దూరం అనుకుంటే చాలు. నాణేలు దొరికిన కేసు కాబట్టి రాయడం లేదు. నాలుగు రోజులు నేను తప్పు చోట వెతికాను, ఆ తప్పు మిషన్‌ది కాదు, నాది. అందుకని రాస్తున్నాను.

నేపథ్యం

ఆ ఇంట్లో ఇప్పుడున్న పెద్దదిక్కు ఎనభై దాటిన అవ్వ. ఆమె కోడలిగా వచ్చేసరికే కథ పాతబడింది. అవ్వకు వాళ్ల అత్త చెప్పిందట: రజాకార్ల కాలంలో మామ పత్తి, ఎడ్లు అమ్మిన పైసలు గురిగిలో (చిన్న మట్టికుండలో) పోసి, లోపలి అర్రలో గుమ్మి (వడ్లు పోసే గాదె) కింద పాతిపెట్టి, కుటుంబాన్ని తీసుకుని ఊరు విడిచాడు. వెళ్లిన చోట జ్వరమొచ్చి ఆయన పోయాడు. ఆమె పిల్లలతో తిరిగి వచ్చేసరికి ఇల్లు దోచేసి ఉంది, గుమ్మి లేదు, అర్రలో ఏది ఎక్కడుండేదో ఆనవాలు లేదు. రెండు మూడు చోట్ల గడ్డపారతో తవ్వి చూసి వదిలేసిందట.

ఇలాంటి కథలు మా వైపు ఊరూరా వినిపిస్తాయి. వాటిలో ఎక్కువ వట్టి మాటలే. దీన్ని నమ్మడానికి నాకు రెండు కారణాలు కనిపించాయి. ఒకటి, కాలం. 1947 సెప్టెంబర్ 2న పరకాలలో జాతీయ జెండా ఎగరేయబోయిన జనం మీద కాల్పులు జరిగిన దగ్గర్నుంచి 1948 సెప్టెంబర్ 17 దాకా ఈ చుట్టుపక్కల చేతిలో పైసలున్న ఇల్లు దాచుకోకుండా ఎలా ఉంటుంది? రెండోది, అవ్వ చెప్పిన లెక్క. గుప్తనిధి కథల్లో ఎప్పుడూ ఏడు బిందెలు, ఏడు బానలు ఉంటాయి, వాటికి పాము కాపలా ఉంటుంది. అవ్వ మాత్రం "సోలెడు రూపాయలు" అన్నది. సోలెడు అనే మాట కొలిచిన మనిషిది.

ఇల్లు పదేళ్ల కిందటి వానలకు కూలింది. మట్టి గోడలు, గూనపెంకులు ఉన్నచోటనే కుప్పపడ్డాయి. 2022లో ఇద్దరు కొడుకులు ఒకాయనను పిలిపించారు. రెండు కడ్డీలు ముందుకు పొడుచుకొచ్చిన "గోల్డ్ స్కానర్" తెచ్చాడట. పద్దెనిమిది అడుగుల లోతులో బంగారం చూపిస్తోందన్నాడు. అరవై వేలు తీసుకున్నాడు. ఈశాన్యం మూల నుంచి మొదలుపెట్టించి జేసీబీతో పన్నెండు అడుగుల గుంత తీయించాడు. నీళ్లు ఊరాయి. ఇంకా లోతుకు పోయిందని చెప్పి వెళ్లిపోయాడు. ఆ మిషన్ గురించి నేనిక్కడ ఎక్కువ రాయను. చేతిలో పట్టుకుని తిరిగే ఏ డిటెక్టరూ ఒక రూపాయి బిళ్లను జానెడు లోతు దాటితే గట్టిగా పట్టలేదు. పద్దెనిమిది అడుగులు అన్నవాడికి అక్కడే దండం పెట్టి పంపాలి.

నన్ను పిలిచిన సమస్య

చిన్నకొడుకు ఫోన్ చేసి చెప్పింది ఒక్కటే: "గుంత పక్కన్నే ఉంటది సార్, జర చూసిపొండ్రి."

వెళ్లగానే మిషన్ తీయలేదు. ముందు కాగితం రాయించాను. స్థలం మాదే, మా ఇష్టంతోనే వెతికిస్తున్నాం, ఏదైనా దొరికితే తహసీల్దార్‌కు చెబుతాం అని ఇద్దరు కొడుకులూ, అవ్వా సంతకాలు, వేలిముద్ర. ఒక కాపీ పంచాయతీ కార్యదర్శికి ఇచ్చి, పోలీస్ స్టేషన్‌లో కూడా ఒక మాట చెప్పి వచ్చాను. పెద్దకొడుక్కు ఇది నచ్చలేదు. "మా తాత పెట్టిన పైసలు మాయి గావా?" అన్నాడు. మీవేనని చెప్పుకోవాలన్నా కాగితం మీదే చెప్పుకోవాలి అన్నాను. భూమిలో దొరికిన విలువైన వస్తువును కలెక్టర్‌కు తెలియజేయాలని ట్రెజర్ ట్రోవ్ చట్టం చెబుతుంది. నూరేళ్లు దాటిన నాణెం 1972 చట్టం కింద పురావస్తువు అవుతుంది, దాని వ్యాపారానికి లైసెన్స్ కావాలి. దాచి అమ్మబోతే తాత పైసలు కాస్తా కేసు అవుతాయి. ఆయన ఒప్పుకున్నాడని అనను, ఊరుకున్నాడు.

తరువాత ఏం వెతుకుతున్నామో తేల్చుకోవాలి. హాలీ సిక్కా, అంటే నిజాం రాజ్యపు సొంత వెండి రూపాయి, తూకం సుమారు 11.18 గ్రాములు, అందులో నూటికి 82 పాళ్ల దాకా వెండి. సోలెడు అంటే ఎన్ని? వాళ్లింట్లో పాత సోల ఇంకా ఉంది, బియ్యం కొలిచేది. నా దగ్గరున్న రూపాయి సైజు ఇనుప వాషర్లు అందులో పోసి చూశాను. 170 పట్టాయి. అంటే దగ్గరదగ్గర రెండు కిలోల వెండి ఒకే చోట ఉండాలి. ఒంటరి నాణెం జానెడు లోతులోనే వినపడకుండా పోతుంది గానీ, ఇంత ముద్ద ఇంకా లోతులో ఉన్నా మోగాలి. ఎంత లోతు దాకా? ఊహించడం ఎందుకని రెండు కిలోల ఇత్తడి తూకపురాళ్లు గురిగిలో పెట్టి, అదే వాకిట్లో పాతి చూశాను. రెండడుగులకు స్పష్టంగా కూసింది. రెండున్నరకు సన్నగా వినిపించింది. మూడడుగులకు ఏమీ లేదు.

ఈ పరీక్ష తరువాత నాకు చాలా పనికొచ్చింది. అప్పుడు మాత్రం దాన్ని తప్పుగా వాడుకున్నాను.

ఇంటి స్థలంలో ఏం చేశాం, ఎందుకు కుదరలేదు

మొదటి రోజు మిషన్‌కు పెద్ద కాయిల్ (నేల మీద ఊపే చుట్ట) వేసి గుంత చుట్టూ తిరిగాను. నా మిషన్ అంకె 0 నుంచి 99 దాకా చూపిస్తుంది. వెండి రూపాయి 85కు పైన పలుకుతుంది. అందుకని 80 కింద ఉన్నవన్నీ వినపడకుండా ఆపేశాను. పాత ఇంట్లో మేకులకు లెక్కుండదు, ప్రతి మేకుకూ ఆగితే నెల పడుతుందని నా ఆలోచన.

ఒక గంటలోనే పన్నెండు చోట్ల పెద్ద కూత. తవ్వితే అన్నీ ఇనుమే. రేకు ముక్కలు, దర్వాజ గొళ్లెం, సగం కొడవలి. వెడల్పాటి ఇనుప రేకు మిషన్‌ను మోసం చేస్తుంది, వెండిలాగే పైస్థాయిలో కూస్తుంది. దీనికి విరుగుడు నాకు తెలుసు. కూత వచ్చిన చోట ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా ఊపాలి. నాణెమైతే రెండు వైపులా ఒకటే గొంతు. ఇనుమైతే ఒక వైపు తిరిగేసరికి గొంతు విరుగుతుంది. తెలిసీ తొందరలో చేయలేదు.

రెండో రోజు పద్ధతి మార్చాం. గుంత అంచు నుంచి మూడు గజాల వెడల్పున కూలిన గోడల మన్నును అరడుగు చొప్పున తీయించి, ప్రతి పొరనూ చూశాను. రెండున్నర అడుగులకు మించి మిషన్‌కు వినపడదని పరీక్షలో తేలింది కాబట్టి, మన్నే తగ్గించుకుంటూ పోదామని. పద్ధతి తప్పు కాదు. సాయంత్రం ఒక రెండు పైల బిళ్ల దొరికింది, నిజాం కాలపు కంచుది, తుగ్రా (పేరును అల్లికగా రాసిన ముద్ర) ఆనవాలు ఇంకా ఉంది. ఇంటివాళ్ల ముఖాలు వెలిగిపోయాయి. నా ముఖం కూడా.

ఆ ఒక్క బిళ్ల నా రెండు రోజులు తినేసింది. నూరేళ్లు మనుషులు బతికిన ఇంట్లో చిల్లర పడకుండా ఉంటుందా? మూడో రోజు అదే పొరలో అల్యూమినియం ఐదు పైసలు రెండు, పది పైసలు ఒకటి దొరికాయి. అవి ఇందిరాగాంధీ కాలంలో ఎవరి జేబులోంచో జారినవి. రెండు పైల బిళ్ల కూడా అలా జారినదే. దాచిన సొమ్ముకూ, జారిన చిల్లరకూ సంబంధం లేదు. ఈ సంగతి నేనే నలుగురికి చెబుతుంటాను. అయినా దొరికిందన్న సంబరంలో "దగ్గర్లోనే ఉంది" అనుకున్నాను.

నాలుగో రోజు మధ్యాహ్నం పని ఆపేద్దామని నిర్ణయించుకుని, వేపచెట్టు కింద చాయ్ తాగుతూ గుంత గోడ వైపు చూస్తూ కూర్చున్నాను. ఎండాకాలం కాబట్టి నీళ్లు అడుగుకు పోయాయి. గోడ మీద ఎండ పడి పొరలు కనిపిస్తున్నాయి. పైన రెండున్నర అడుగుల దాకా పెంకులు, గోడ మన్ను. దాని కింద చెయ్యి మందాన నల్లటి, ఎర్రటి సన్న గీతలు. ఆ కింద మళ్లీ రెండు మూడడుగులు గట్టి మన్ను. ఆ తరువాత అడుగు దాకా పసుపుపచ్చ మొరం.

ఆ సన్న గీతలు అర్ర నేల. ఏటేటా ఎర్రమన్నుతో, పేడతో అలుకుతూ వచ్చిన నేల. గుమ్మి దాని మీద ఉండేది. గురిగి దాని కిందే ఉండాలి. అంటే 2022లో పైనుంచి చూస్తే నాలుగడుగుల దాకా లోతు. ఏ డిటెక్టరూ దాన్ని అప్పుడు పట్టేది కాదు. కానీ జేసీబీకి నాలుగడుగులు ఎంతసేపు? గుంత వచ్చింది సరిగ్గా లోపలి అర్ర మీదే. పన్నెండు అడుగుల లోతుకు పోవాలన్న ఆత్రంలో పై నాలుగడుగుల వైపు ఎవరూ చూడలేదు. బకెట్‌లో మట్టి గురిగి పగిలితే చప్పుడు కూడా రాదు.

నాలుగు రోజులుగా నేను అడగని ప్రశ్న అప్పుడు అడిగాను.

"ఈ గుంతల మన్నేది?"

"చేన్ల పోసినం సార్. పాత గోడల మన్ను చేనుకు మంచిది గదా."

పదకొండు ట్రాలీలు.

మన్ను వెనక పోవడం

పాత ఇళ్ల మన్ను, పాటిమన్ను చేలకు తోలడం మా దగ్గర కొత్తేమీ కాదు, ఎరువు లెక్క. పెద్దబంకూరు, కోటిలింగాల వైపు వాన వెలిసిన తరువాత చేలల్లో శాతవాహనుల కాలపు నాణేలు తేలేవని పెద్దలు చెబితే విన్నవాడినే. మన్ను కదిలితే దానిలోని వస్తువూ కదులుతుందని నాకు కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు. ఐనా ఇల్లు కనిపించేసరికి ఇంట్లోనే వెతికాను.

చేను ఎకరంన్నర. నల్లరేగడి. రెండు పంటలు పత్తి వేశారు, కట్టె పీకి దుక్కి దున్నకుండా ఉంచారు. పదకొండు ట్రాలీల మన్ను రెండేళ్లు కల్టివేటర్ కింద నలిగి చేనంతా కలిసిపోయి ఉంటుంది. చేనంతా చూడాలంటే నాకు పదిహేను రోజులు. వాళ్ల దగ్గర అంత డబ్బు లేదు. ఎక్కడ మొదలుపెట్టాలన్నదే అసలు నిర్ణయం.

మొదట కంటికి కనిపించినదాన్ని నమ్మాను. చేను మధ్యలో గూనపెంకు ముక్కలు ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. ఇంటి మన్ను ఇక్కడే ఉంది అనుకుని, సుతిలి తాడుతో గజం వెడల్పు పట్టీలు గీసి పొద్దంతా తిరిగాను. మందుబిళ్లల రేకులు, బీరుసీసా మూతలు, పురుగుమందు డబ్బాల సీళ్లు, కల్టివేటర్ బోల్టులు. సంచి నిండింది. ఒక స్టీలు రూపాయి కూడా దొరికింది. అదీ కళ్లతో చూసి ఏరినదే, ఇప్పటి స్టీలు రూపాయిని మిషన్ ఇనుముగానే లెక్కేస్తుంది.

రాత్రి ఇంటికొచ్చి ఆలోచిస్తే తప్పు తెలిసింది. పెంకులు ఇంటి కప్పు నుంచి వచ్చాయి. అవి కుప్పలో పైపొర. గురిగి నేల కింద ఉండేది. పెంకులున్న ట్రాలీ వేరు, గురిగి ఉన్న ట్రాలీ వేరు. నేను వెతకాల్సింది పెంకు కాదు, అలుకు.

మరునాడు ట్రాక్టర్ తోలిన కుర్రవాణ్ని పిలిపించాం. రెండేళ్ల కిందటి సంగతి ఎవరికి గుర్తుంటుంది అనుకున్నాను. వాడికి బాగా గుర్తుంది, ఎందుకంటే కిరాయి ఇంకా సగం బాకీ ఉందట! "మొదాలు పెంకల మన్ను నడిమిట్ల పోసినం. తర్వాత మూడో నాలుగో ట్రాలీలు బాయికాడ పల్లంల పోసినం. మొరం వచ్చినంక బాటకు పోసినం" అన్నాడు. జేసీబీ తవ్విన వరస, ట్రాలీ పోసిన వరస ఒకటే. పైపొర చేను మధ్యలో, నేలపొర బావి దగ్గర, మొరం బండ్లబాట మీద. గుంత గోడ మీద నిలువుగా చూసిన పొరలే చేలో అడ్డంగా పడుకున్నాయి.

బావి దగ్గరికి వెళ్లి మిషన్ పక్కన పెట్టి కూర్చుని పెళ్లలు చిదిపి చూడటం మొదలుపెట్టాను. ఇంటివాళ్లకు నా మీద అనుమానం వచ్చినట్టుంది. అరగంటకు అరచెయ్యంత పెళ్ల ఒకటి దొరికింది. విరిస్తే అడ్డంగా గీతలు. ఎరుపు, బూడిద, ఎరుపు, బూడిద. పుస్తకాన్ని పక్కనుంచి చూసినట్టు. గోరుతో విడదీస్తే ఒక్కో పొర కాగితం మందం కంటే కొంచెం ఎక్కువ, మధ్యలో గడ్డిపరక గుర్తులు. లెక్కపెడితే నలభై దాటాయి. అవ్వకు చూపించాను. చేతిలో తిప్పి చూసి, "మా అర్ర. మా అత్త అలికేది, నేనూ అలికిన" అన్నది.

నల్లరేగడిలో అలుకు పెళ్లలు ఎక్కడెక్కడ ఉన్నాయో చుట్టూ చూసి, ఉన్నచోటల్లా పుల్ల గుచ్చాం. ఇరవై ఆరు పుల్లలు. పద్నాలుగు అడుగులేసే పొడవు, ఆరు అడుగులేసే వెడల్పు. పొడవు సరిగ్గా దుక్కి సాళ్ల వెంటే ఉంది. ఎకరంన్నర చేను అంత చిన్న మడికి దిగింది.

ఏది పనిచేసింది

ఇక్కడ సెట్టింగులు పూర్తిగా మార్చాను. పెద్ద కాయిల్ తీసి చిన్నది వేశాను. ఇప్పుడు వెతికేది రెండు కిలోల ముద్దను కాదు, విడివిడి బిళ్లలను. అవి కల్టివేటర్ నాగళ్లు తిరిగే లోతులోనే ఉండాలి. పక్కనే మేకు ఉంటే పెద్ద కాయిల్‌కు రెండూ కలిసి ఒకటే కూత, చిన్న కాయిల్ విడదీస్తుంది. ఎర్రమన్ను మీద చేసిన గ్రౌండ్ బ్యాలెన్స్ (నేలకు తగ్గట్టు మిషన్‌ను సరిచేసుకోవడం) రేగడికి పనికిరాదు, మళ్లీ చేశాను. 80 కింద ఆపేసిన అంకెలన్నీ తెరిచాను. నిలువుగా నిలబడిన నాణెం అంకె తక్కువ చూపిస్తుంది, ఇనుము పక్కనున్నది ఇంకా తక్కువ. ఇంటి దగ్గర వాటిని మూసిపెట్టడమే పొరపాటు. ఇరవై ఆరు పుల్లల మడిలో ప్రతి మేకూ తవ్వే ఓపిక నాకుంది.

మూడో పట్టీలో 71 అంకె వచ్చింది. అడ్డంగా 71, నిలువుగా 74. గొంతు విరగలేదు. పదహారు సెంటీమీటర్ల లోతులో, రేగడి నెర్రెలో నిలువుగా ఇరుక్కుని ఉంది. మన్నుతో పాటే తీశాను. అంచు నల్లగా ఉంది, ఒక చోట పచ్చగా చిలుము. అందులో రాగి కలుస్తుంది కాబట్టి చిలుము పడుతుంది. ఊదితే మన్ను రాలి చార్మినార్ నాలుగు మినార్లు తేలాయి. భూతద్దంలో చూస్తే మధ్య కమానులో ఐన్ అక్షరం. ఉస్మాన్ అలీఖాన్ పేరుకు మొదటి అక్షరం అది. ఆయన తండ్రి మహబూబ్ అలీఖాన్ బిళ్లలైతే అక్కడ మీమ్ ఉంటుంది. సంవత్సరం 1337 హిజ్రీ, అంటే 1918-19.

చిన్నకొడుకు చింతపండు తెస్తానని లేచాడు. కూర్చోబెట్టాను. తోమితే మెరుస్తుంది, కానీ అంచుల పదును, అంకె, చిలుము కింద నిలిచిన గీతలు అన్నీ పోతాయి. దాన్ని చూసి ఏదైనా చెప్పాల్సినవాళ్లకు నున్నటి బిళ్ల మిగులుతుంది. మన్నుతోనే కాగితం పొట్లంలో కట్టి నంబర్ వేశాను.

పొద్దు గుంకేలోపు ఏడు దొరికాయి. ఏడో దాని దగ్గర ఆపేశాను. ఆ నిర్ణయం ఎందుకంటే: ఒక్కటి దొరికితే జారిన చిల్లర కావచ్చు, రెండు పైల బిళ్ల నాకు నేర్పిన పాఠం ఇంకా పచ్చిగానే ఉంది. ఏడు దగ్గరదగ్గరగా దొరికితే, వాటి మధ్యలో లోపల పచ్చ మరకలున్న గురిగి పెంకులు కూడా ఉంటే, అది దాచిన సొమ్మే. ఇక మిగతాది తహసీల్దార్ మనుషుల ముందే తీయాలి.

పెద్దకొడుకు ఆ రాత్రి చాలా గొడవపడ్డాడు. పొద్దున్నే అన్నీ తీసుకుని అప్పుడు చెబుదాం అన్నాడు. నాకూ టెన్షన్‌గానే ఉంది. చేను రాత్రంతా బయట ఉంది, ఊరికి తెలిస్తే తెల్లారేసరికి గడ్డపారలతో దిగుతారు. 2021లో జనగామ జిల్లా పెంబర్తిలో వెంచర్ కోసం నేల చదును చేస్తుంటే నగల బిందె బయటపడిన సంగతి మా వైపు తెలియనివాళ్లు లేరు. ఊళ్లో ఒకరి చెవిన పడితే ఏడు బిళ్లలు ఏడు బిందెలవుతాయి. పుల్లలన్నీ పీకేసి, మడి మీద కట్టె కుప్ప వేసి, చిన్నకొడుకు బావి దగ్గర నీళ్లు పెడుతున్నట్టు అక్కడే పడుకున్నాడు. ఏడు పొట్లాలూ అవ్వ దగ్గర పెట్టాం. ఆమె దగ్గరైతే పెద్దకొడుకు అడగడు.

మరునాడు పదకొండింటికి రెవెన్యూ వాళ్లు, ఒక కానిస్టేబుల్ వచ్చారు. మూడు రోజులు పంచనామా మధ్యన తీశాం. మొత్తం 143. అందులో 134 హాలీ, తొమ్మిది కల్దార్లు. కల్దార్ అంటే ఇంగ్లీషువాళ్ల రూపాయి, కాస్త బరువు. ఆరు కల్దార్లకు ఏడు హాలీలు లెక్క. తూకం కిలో 590 గ్రాములు వచ్చింది. సోలకు పట్టే 170కి ఇరవై ఏడు తక్కువ. పత్తి ఏరినప్పుడు కూలీలకు కొన్ని దొరికి ఉండొచ్చు, కొన్ని సోలలో అసలు పోసి ఉండకపోవచ్చు. ఆ లెక్క తేల్చడం నా పని కాదు.

ఒకే గురిగిలోవైనా అన్నిటికీ ఒకే చట్టం కాదు. 2024లో చూస్తే 1337 బిళ్ల నూరేళ్లు దాటింది, పురావస్తువు. 1360ల బిళ్లలకు ఇంకా నూరేళ్లు నిండలేదు. అందుకే ఏ బిళ్లా తోమకుండా సంవత్సరం చదివేలా ఉంచడం ఆ కుటుంబానికే మేలయింది. వారసత్వం అడుగుతూ వాళ్లు అర్జీ పెట్టుకున్నారు. దానికి నేను రాయించిన కాగితం, గుంత గోడ ఫొటోలు, అలుకు పెళ్ల కూడా జత చేశారు. రాసే నాటికి ఫైలు ఇంకా నడుస్తోంది.

నా పనిలో ఏం మారింది

ఇప్పుడు ఎవరు పిలిచినా మిషన్ బండిలోనే ఉంచి ముందు గంటసేపు మాటలే. వస్తువు పోయిన దగ్గర్నుంచి ఆ మన్ను కదిలిందా, ఎవరు కదిలించారు, ఎటు పోశారు? ట్రాక్టర్, జేసీబీ డ్రైవర్లతో విడిగా మాట్లాడతాను, యజమాని కంటే వాళ్లకే ఎక్కువ గుర్తుంటుంది. తవ్విన గుంత ఏదైనా ఉంటే దిగి గోడ చెక్కి పొరలు చూస్తాను. మొన్న ఆత్మకూరు వైపు ఒక పుస్తెలతాడు కేసులో పొలంలో రెండు గంటలు వెతకాల్సినది ఒడ్డు మీద పారబోసిన బురదలో పది నిమిషాల్లో దొరికింది.

తూకపురాళ్ల పరీక్ష మానలేదు. కాకపోతే దాని ఫలితాన్ని ఇప్పుడు వేరేలా చదువుతాను. రెండున్నర అడుగుల దాకా మోగే ముద్ద మోగలేదంటే, ఇంకా లోతులో ఉందని ఒక అర్థం, అక్కడ లేదని ఇంకో అర్థం. అప్పుడు నేను మొదటిదే పట్టుకున్నాను. స్కానర్ ఆయనా అదే పట్టుకున్నాడు. తేడా ఏమంటే ఆయన అరవై వేలు తీసుకున్నాడు, నేను నాలుగు రోజుల కూలి తీసుకున్నాను. ఆ నాలుగు రోజుల్లో రెండిటికి డబ్బులు వెనక్కి ఇచ్చేశాను.

కిరాయి బాకీ ఉన్న ట్రాక్టర్ కుర్రవాడికి అదే వారం బాకీ తీరింది.

జూలైలో చిన్నకొడుకు ఫోన్ చేశాడు. పత్తిలో గుంటుక తోలుతుంటే ఇంకొకటి తేలిందట.

"ఏం జేయాలె సార్?"

"తహసీల్దార్ ఆఫీస్ నంబర్ నీ దగ్గరుంది గదా. తోమలేదు కదా?"

"లేదు సార్. మన్నుతోటే సద్దిగిన్నెల పెట్టిన."